పర్సు మీద ఫొటో, తోలు మీద బొమ్మ

తోలు మీద బొమ్మ వేయడం వేరు, తోలు మీద బొమ్మ అతికించడం వేరు. ఇదేదో వేదాంతంలా మొదలుపెట్టాడేంట్రా అనుకోకండి. ఇందులో కాస్త కెమిస్ట్రీ ఉంది, మా ఊరి బజారు ఉంది, రెండొందల ల్యాంపుల ఆర్డరు ఉంది, మా తమ్ముడి ఈఎమ్ఐ ఉంది. చివర్లో మీకో ప్రశ్న కూడా ఉంది.

మాది సత్యవేడు. ఎక్కడా అని అడిగేవాళ్లకి చిన్నప్పుడు "తడ దగ్గర" అని చెప్పేవాళ్లం, ఇప్పుడు "శ్రీసిటీ పక్కన" అంటే సరిపోతోంది. చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచీ తిరుపతి జిల్లా. ఇంకా వెనక్కి పోతే, 1960లో ఆంధ్రా, మద్రాసు సరిహద్దులు సర్దినప్పుడు ఇటొచ్చిన ప్రాంతం. అందుకే మా బజార్లో బేరం తెలుగులో మొదలై అరవంలో తెగుతుంది. నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ కూలీని. శని, ఆదివారాలు కుదిరితే ఊరికి పోతుంటాను.

మా చిన్నాయన కొడుకు ఊళ్లో కొట్టు పెట్టుకున్నాడు. జిరాక్స్‌తో మొదలై, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆ తర్వాత కప్పుల మీద ఫొటోలు, టీషర్టుల మీద పేర్లు. లోను పెట్టి హీట్ ప్రెస్, ఫిల్ము మీద ప్రింట్ చేసే మెషినూ కొన్నాడు. శ్రీసిటీలో పనిచేసే కుర్రాళ్లే వాడికి ఎక్కువ గిరాకీ. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, రూమ్మేట్ ఉద్యోగం మానేసి పోతుంటే గుర్తుగా ఏదో ఒకటి. కప్పులు అందరూ ఇచ్చేశారు కాబట్టి ఇప్పుడు లెదర్ పర్సు మీద ఫొటో కావాలంటున్నారు. వాడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు ఇంజనీరువి గదా, ఇది ఎట్లా చేసేదో చూసి చెప్పు" అన్నాడు. కంప్యూటర్ సైన్సు చదివినోడికి ఫ్యాన్ రిపేరు రాకపోతే మనవాళ్లు ఎలా చూస్తారో మీకు తెలుసు :) సరే అన్నాను.

ఇంతకీ ఎలా చేస్తారు? మాకు అర్థమైనంత వరకు చెప్తాను.

కప్పు మీద వేసే పద్ధతిని సబ్లిమేషన్ అంటారు. 180 నుంచి 200 డిగ్రీల వేడిలో ఆ సిరా ఆవిరై పాలియెస్టర్‌లోకి దూరిపోతుంది. కప్పు మీద కంటికి కనపడని పాలిమర్ పూత ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది. తోలు పాలియెస్టర్ కాదు, కొలాజెన్. దానికి ఈ సిరా పట్టదు, పైగా ఆ వేడికి తోలు బిరుసెక్కిపోతుంది. కాబట్టి అది అవుట్.

రెండోది లేజర్ ప్రింటు పద్ధతి. లేజర్ ప్రింటర్లో ఉండేది సిరా కాదు, టోనర్. అంటే రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితానికి అంటుకుంటుంది. ఆ కాగితాన్ని తోలు మీద బోర్లించి, వెనక నుంచి అసిటోన్ అద్ది చెంచా వీపుతో రుద్దితే ప్లాస్టిక్ మెత్తబడి తోలుకి దిగుతుంది. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగేసి ప్రింట్ తీయాలి, లేకపోతే "అమ్మ" కాస్తా అటుదిటు అవుతుంది. ఇంక్‌జెట్ ప్రింటుతో ఇది కాదు. దాని సిరా నీళ్ల సిరా, అసిటోన్‌తో సరిగ్గా దిగదు.

మూడోది అక్రిలిక్ జెల్ పద్ధతి. తోలుకి జెల్ రాసి, ఫొటో బోర్లించి, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున్నే కాగితాన్ని తడిపి వేలితో మెల్లగా నలిపి తీసేయాలి. కాగితం పిప్పి పోయి బొమ్మ మిగులుతుంది. ఓపికున్న పని. రోజుకి ముప్పై ఆర్డర్లు చేసే పని కాదు.

నాలుగోది మావాడి మెషిను పద్ధతి, డీటీఎఫ్. ఫిల్ము మీద బొమ్మ ప్రింటయ్యాక దాని వెనక తెల్ల సిరా పొర వేస్తుంది, దాని మీద జిగురు పొడి చల్లి కరిగిస్తారు. తర్వాత హీట్ ప్రెస్‌లో అదిమితే బట్టకి అతుక్కుంటుంది. బట్టకైతే 150 డిగ్రీల దాకా పెడతారు, తోలుకి వేడి తగ్గించి తక్కువసేపు అదమాలి.

ఆ తెల్ల పొర సంగతి నాకు భలే నచ్చింది. మామూలు ప్రింటర్లో తెల్ల రంగే ఉండదు, గమనించారా? ఫొటోలో మనకి కనిపించే తెలుపంతా కాగితం తెలుపే. కాగితం నుంచి తోలు మీదకి మార్చామంటే ఆ తెలుపు వెనకే ఉండిపోతుంది. అసిటోన్ పద్ధతిలో గోధుమరంగు తోలు మీద దింపిన మొదటి ఫొటోలో మా చిన్నాయన పళ్లూ కళ్లూ కూడా గోధుమరంగులోకి వచ్చాయి. తెల్ల చొక్కా అసలు కనపడలేదు. బొమ్మలో సగం మనం వేసేది కాదు, అడుగున ఉన్నది ఇచ్చేది అన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇన్ని తెలుసుకున్నా ఒక పర్సు మీద బొమ్మ నిలిచేది, ఇంకో పర్సు మీద నాలుగు రోజుల్లో పెచ్చులూడేది. ఎందుకో వీడియోల్లో ఎవడూ చెప్పలేదు. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన చెప్పాడు. రెండు పర్సుల మీదా ఒక్కో నీటి చుక్క వేశాడు. ఒకదాని మీద చుక్క ముత్యంలా నిలబడింది, రెండోదాంట్లోకి ఇంకిపోయింది. "ఇది పూత పూసిన తోలు నాయనా, దీని మీద నువ్వేం అంటించినా పూతకే అంటుకుంటాది, తోలుకి గాదు" అన్నాడు. తర్వాత అంచు కోసి చూపించాడు. ఒకటి లోపల నీలంగా బూడిద రంగులో ఉంది, అది క్రోమ్ తోలు. ఇంకోటి లోపలంతా గోధుమరంగు, అది చెక్కతో పదును పెట్టిన తోలు.

ఈ రెండో రకానికి మన వైపు పెద్ద చరిత్రే ఉంది. తంగేడు చెక్క, కరక్కాయ వేసి పదును పెట్టిన తోళ్లు ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకి పోయేవి. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం క్రోమ్‌దే. అది వేడికి బాగా ఓర్చుకుంటుంది, పని త్వరగా అవుతుంది. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోలు ఫ్యాక్టరీలు మాకు ఎంతో దూరం కాదు. 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థ చెన్నై అడయార్లోనే ఉంది, నేను రోజూ ఆఫీసుకి పోయే దారికి దగ్గర్లోనే. అయినా నాకు తోలు గురించి మొదటి పాఠం చెప్పింది బస్టాండు పెద్దాయనే.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. పర్సు మీద ఫొటో వేసినందుకు మావాడు తీసుకునేదాంట్లో పదోవంతు కూడా ఆయనకి ఒక చెప్పు కుడితే రాదు. మేం తోలు ముట్టుకుంటే "స్టార్టప్" అంటారు, ఆయన ముట్టుకుంటే కులం అంటారు. ఆయన కూచునే చోటికి నీడ కూడా లేదు. మావాడు ఇప్పుడు తోలు కొనేటప్పుడు చెన్నై పెరియమేడుకి ఆయన్ని వెంటబెట్టుకుని పోతాడు, ఆ రోజు కూలీ, భోజనం, ఛార్జీలు ఇస్తాడు. అంతకు మించి గొప్పలు చెప్పుకోవడానికేం లేదు.

తర్వాత దేవుడి గొడవ వచ్చింది. తిరుపతి జిల్లా కదా, ఫొటో అంటే సగంమంది వెంకన్న బొమ్మే అడుగుతారు. పర్సేమో వెనక జేబులో పెట్టుకుని దాని మీద కూచుంటాం. మా అవ్వ ఒక్కసారే చెప్పింది, "తోలు మీద సామినా? తప్పురా" అని. మావాడు దేవుడి బొమ్మలు వేయనని బోర్డు రాసి పెట్టాడు. నేను ఊరుకోకుండా, "అవ్వా, తోలుబొమ్మలాటలో రాముడు తోలే గదా?" అన్నాను. అవ్వ కాసేపాలోచించి, "ఆ రాముణ్ణి ఎవురూ జేబులో పెట్టుకోరు. ఆట అయినాక పెట్టెలో పెడతారు" అంది. మీ దగ్గర దీనికి జవాబుంటే చెప్పండి, నా దగ్గర లేదు.

సరే, అసలు విషయానికొద్దాం.

మొన్న సంక్రాంతి ముందు ఒక గిఫ్టు వస్తువుల డీలరు మావాడి కొట్టుకొచ్చాడు. రెండొందల టేబుల్ ల్యాంపులు కావాలి. ల్యాంపు చుట్టూ తోలు, దాని మీద తోలుబొమ్మలాట బొమ్మలు. హనుమంతుడు, సీత, నెమళ్లు. ఫైళ్లు కూడా వాడే ఇచ్చాడు. అవి ఎవరో కళాకారుడు చేసిన అసలు బొమ్మలకి తీసిన ఫొటోలు, నెట్లోంచి దించినవి. ల్యాంపుకి కట్టే చీటీ మీద మాత్రం "ఆంధ్రా తోలుబొమ్మ, చేతితో చేసినది" అని ఉండాలి. రేటు బాగుంది. మావాడి లెక్క ప్రకారం ఐదు నెలల ఈఎమ్ఐ ఒక్క ఆర్డర్లో తీరిపోతుంది.

మొదట నేను టెక్నికల్‌గా ఆలోచించాను. తోలుబొమ్మ చేసేది పదును పెట్టిన తోలుతో కాదు. మేకతోలుని నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకేసి, బిగించి ఎండబెడతారు. అందుకే అది వెలుతురుని లోపలికి రానిస్తుంది. ఒకప్పుడు దేవుళ్ల బొమ్మలకి జింక తోలు వాడేవాళ్లట, ఇప్పుడంతా మేకతోలే. ఎండిన తోలు మీద గీత గీసి, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. నగలన్నీ ఆ రంధ్రాలే. వెనక దీపం పెట్టగానే హారాలూ వడ్డాణాలూ మెరిసేది వెలుతురుతోనే, రంగుతో కాదు. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఈ పని మీద బతికే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గిపోయాక వాళ్లు నిలదొక్కుకున్నది ఎక్కువగా ల్యాంపుషేడ్లు, గోడకి పెట్టే బొమ్మలు చేసే. అంటే డీలరు అడిగింది సరిగ్గా వాళ్ల అన్నం గిన్నెలో వస్తువన్నమాట.

మావాడు డప్పులకి తోలు బిగించేవాళ్ల దగ్గర్నుంచి మేకతోలు ముక్క తెచ్చి శాంపిల్ చేశాడు. పగలు చూస్తే అచ్చు తోలుబొమ్మే, ముచ్చటగా ఉంది. లోపల బల్బు వేశాం. హనుమంతుడు నల్లగా మాడిపోయినట్టయ్యాడు! కారణం ఆ తెల్ల పొరే. అది వెలుతురుని ఆపేస్తుంది. పగలు రంగుని నిలబెట్టింది ఏదైతే ఉందో, రాత్రి అదే రంగుని చంపేసింది. నగల చోట ఉన్నది రంధ్రాల ఫొటోయే గానీ రంధ్రాలు కావు కాబట్టి అక్కడ మెరిసేదేం లేదు.

"అయితే తెల్ల పొర ఆపేద్దాం" అన్నాడు వాడు. ఆపేశాం. వేడికి తోలు అంచులు ముడుచుకున్నాయి గానీ బల్బు వేస్తే ఈసారి రంగులు కనిపించాయి. మెరుపు లేదు, కాస్త మసగ్గా ఉంది. కానీ షాపులో కొనేవాడికి తేడా తెలియదు. డీలరు వీడియో కాల్‌లో చూసి ఓకే అన్నాడు.

కాబట్టి "ఇది కుదరదు" అని తప్పించుకునే దారి పోయింది. ఇక మిగిలింది చీటీ మీద ఏం రాయాలన్నదే.

ఆ రాత్రి మిద్దె మీద కూచుని వాదించుకున్నాం. నా వాదన ఇదీ. అచ్చు వేయడం తప్పు కాదు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. రెండూ కలంకారీయే. అద్దకం చేసేవాళ్లు మాది కలంతో గీసింది అని చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు, వాళ్ల పనికి వాళ్ల పేరుంది. రెండింటికీ విడివిడిగా జీఐ గుర్తింపు కూడా ఉంది. కష్టమంతా మూడోవాడితోనే, మిల్లులో ప్రింట్ కొట్టి అదే పేరు పెట్టేవాడితో. ఆంధ్రా తోలుబొమ్మలకీ జీఐ ఉంది. ఆ పేరుని ప్రింటు మీద అంటించామంటే బొమ్మనొక్కదాన్నే కాదు, పేరుని కూడా కాపీ కొట్టినట్టు. మా ఫీల్డులో వేరేవాడి కోడ్ ఫ్రీగా వాడుకోవచ్చు, కానీ పైన ఉన్న వాడి పేరు తీసేసి నాది అనుకోకూడదు. ఇక్కడైతే వాడుకోమని కూడా ఎవరూ అనలేదు.

మావాడి వాదన కూడా వినండి, ఎందుకంటే అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "అన్నా, నేను చెయ్యకపోతే వాడు ఇంకో కొట్టుకు పోతాడు. నిమ్మలకుంటకు ఒక్క రూపాయి గూడా మిగలదు. రెండొందల ల్యాంపులు ఆ రేటుకు వాళ్లు చేతితో చేసియ్యలేరు, కొనేవాడు ఆ రేటుకు మించి ఇయ్యడు. నువ్వు నెల తిరిగేసరికి జీతం వస్తాదని నీతులు చెప్తా ఉండావు. నీ నీతికి నా ఈఎమ్ఐ ఎవురు కట్టేది?"

చివరి ప్రశ్నకి తప్ప మిగతా వాటికి నా దగ్గర గట్టి జవాబు లేదు. చివరి దానికి మాత్రం "రెండు నెలలు నేను కడతా" అన్నాను. అప్పు కాదు, పందెం కాదు. నా అభిప్రాయం వల్ల ఖర్చు వాడి మీద పడుతుంటే అందులో నా వాటా నేను పెట్టుకోవాలి కదా. ఊరికే చెప్పే నీతి ఫార్వర్డ్ మెసేజ్‌తో సమానం.

పొద్దున్నే వాడు డీలరుకి ఫోన్ చేశాడు. చేస్తాను, కానీ చీటీ మీద "ప్రింటు" అని ఉంటుంది, బొమ్మలు కూడా మేం సొంతంగా గీయించుకున్నవి పెడతాం అన్నాడు. అవతలివాడు నవ్వి, ప్రింటు అని రాస్తే ఎవరు కొంటారు బ్రదర్ అన్నాడు. అంతే, ఆర్డరు పోయింది. ఇంకో కొట్టుకి పోయిందో లేదో మాకు తెలియదు. మా తమ్ముడు రెండు రోజులు నాతో ముభావంగానే ఉన్నాడు. వాడి బాధ న్యాయమైనదే.

అయితే ఆ డీలరు మాట నాకు బాగా ఉపయోగపడింది. "ప్రింటు అని రాస్తే ఎవరు కొంటారు?" అంటే వాడు అమ్మేది ల్యాంపు కాదు, తోలు కాదు, ఆ బొమ్మ కూడా కాదు. "చేతితో" అన్న ఒక్క మాట. దాని విలువ వాడికి బాగా తెలుసు, అది తయారుచేసినవాళ్లకి కట్టడం మాత్రం ఇష్టం లేదు. కొనేవాళ్లకి తేడా తెలియదు కదా అంటాం గానీ, ఆ మాటకి డబ్బులిస్తున్నారంటే వాళ్లు తేడానే కొంటున్నారు.

ఆ తర్వాత ఒక చిన్న ప్రయోగం చేశాం. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు ఎలా వస్తుందో తెలుసా? ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్ని కసిమి అంటారు. బట్టకి ముందే కరక్కాయ పట్టించి ఉంటారు. కరక్కాయలోని టానిన్, కసిమిలోని ఇనుము కలిసి నల్లబడతాయి. ఇది చదువుతుంటే బస్టాండు పెద్దాయన మాట గుర్తొచ్చింది. చెక్కతో, కాయతో పదును పెట్టిన తోలులో ఉండేదీ టానినే కదా! అంటే ఆ తోలు మీద కసిమి పడితే బట్ట మీద లాగే నల్లబడాలి. మావాడు స్టిక్కర్ మెషిన్లో ఒక తంగేడు కొమ్మ డిజైను కోసి, తోలుకి అంటించి, ఖాళీల్లో కసిమి అద్దాడు. కళ్ల ముందే గోధుమరంగు బూడిదైంది, బూడిద నలుపైంది. గోకితే పోదు, నీళ్లకి పోదు, పెచ్చులూడదు. పైన అతికింది ఏమీ లేదు మరి, తోలే నల్లబడింది. క్రోమ్ తోలు మీద అదే కసిమి వేస్తే ఒట్టి మరక పడింది.

ఫొటోలాగా రంగులు రావు, ఒక్క నలుపే. రోజుకి ఎక్కువ చేయలేం. కానీ ఇది మా ఊరి కరక్కాయ, పక్కూరి కసిమి, పెరియమేడు తోలు. కీచైన్లు, పుస్తకంలో పెట్టుకునే పట్టీలు చేసి "స్టెన్సిల్ పెట్టి కసిమితో అద్దింది" అని ఉన్నదున్నట్టు రాసి పెట్టాడు. వారానికి నాలుగో ఐదో పోతున్నాయి. ఈఎమ్ఐ కట్టేది మాత్రం ఇప్పటికీ పర్సుల మీద ఫొటోలే, నేను కట్టిన రెండు నెలలు పోగా. దీంతో వాడి కష్టాలు గట్టెక్కాయని నేను చెప్పను.

నాకు అర్థమైంది ఒక్కటే. పర్సు మీద భార్య ఫొటో అచ్చేయించుకున్నవాడు అది ఫొటో అనే కొంటున్నాడు, వాణ్ణి ఎవరూ మోసం చేయలేదు. ఊడిపోతే మళ్లీ వేయించుకుంటాడు. తోలుబొమ్మ అని పేరు పెట్టి ప్రింటు అమ్మినప్పుడు మాత్రం ఊడిపోయేది బొమ్మ కాదు, ఆ పేరు మీద నమ్మకం. అది ఒకసారి ఊడితే నిమ్మలకుంటలో ఉలి పట్టుకున్నవాడు నిజంగా చేత్తో చేసి తెచ్చినా, "ఇది కూడా ప్రింటేనేమో" అని పక్కన పెట్టేస్తారు. మళ్లీ అంటించడానికి ఏ హీట్ ప్రెస్సూ పనికిరాదు.

ఇప్పుడు ప్రశ్న. ఈసారి ఏ ఎగ్జిబిషన్లోనో తోలు ల్యాంపు చూస్తే లోపల దీపం వేయమని అడగండి. నగల దగ్గర వెలుతురు చుక్కలు చుక్కలుగా బయటికొస్తే అది ఉలి పని. రాకపోతే ప్రింటు. ప్రింటు అని తెలిశాక కూడా కొంటారా, ఏ రేటుకి కొంటారు? మా తమ్ముడు అడగమన్నాడు. వాడికి నిజంగానే ఆ లెక్క కావాలి.